చెంపదెబ్బ తర్వాతి చరణం

సెలవురోజు ఉదయం ఆ ఇంట్లో ఎప్పుడూ ఒకేలా మొదలవుతుంది. దర్శకుడుగారు పేపరు పైకి చదువుతారు, ఎవరూ వినరు. పళ్ల డాక్టరైన కొడుకు రొట్టెముక్క మాడ్చుకుని, మాడలేదని వాదిస్తూ దాన్నే తింటాడు. ఒకప్పటి సినిమా కథానాయిక అయిన ఆవిడ వంటింటి బల్ల దగ్గర కూర్చుని నారింజలు ఒలుస్తూ తండ్రినీ కొడుకునీ ఓ కంట కనిపెడుతూ ఉంటుంది.

ఆవిడ నటించినవి కొద్ది సినిమాలే. జనానికి గుర్తున్నది ఒక్కటే. అప్పట్లో నాటకాలు వేస్తున్న ఆవిడను, తన పాటలు తనే పాడుకోగల పిల్ల అని వెతికి మరీ తీసుకున్నారు. తీసుకున్న దర్శకుడే ఆ తర్వాత పెళ్ళి చేసుకున్నాడు. సినిమా పాతబడినా పాటలు పాతబడలేదు. ఇప్పటికీ సెలూన్లలో, టాక్సీల్లో వినిపిస్తూనే ఉంటాయి.

ఆ పాటల బలం మీదే ఇప్పుడు ఆ సినిమా రంగస్థలం ఎక్కబోతోంది, పెద్ద సంగీత నాటకంగా. చేస్తున్నది పరాయివాళ్ళు కాదు, కోడలే. ఆమె నాటక దర్శకురాలు. "మా సినిమాని ఎవరైనా ముట్టుకుంటే నువ్వే ముట్టుకోవాలమ్మాయ్" అని ముచ్చటపడి అనుమతి ఇచ్చింది మామగారే. హాలు మాట్లాడారు, టికెట్లు అమ్ముడుపోతున్నాయి, రిహార్సళ్లు జోరుగా సాగుతున్నాయి.

ఆ ఉదయం కోడలు ఆలస్యంగా లేచి వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. కాఫీ కప్పు అందుకుని కూర్చోకుండానే అంది.

"మామయ్యా, మీకో మాట చెప్పాలి. చెంపదెబ్బ సీను తీసేస్తున్నాను."

పేపరు కిందికి దిగింది.

"ఏ సీను?"

"మీరు విన్నదే."

సినిమా కథ తెలిసినవాళ్ళకి ఆ సీను సంగతి వేరే చెప్పక్కర్లేదు. కథానాయిక పాటల టీచరు. పెళ్ళయ్యాక నలుగురిలో పాడొద్దంటాడు మొగుడు. కొన్నాళ్ళు ఓర్చుకుని, ఒక సభలో పాడటానికి నిలబడుతుంది. పాట మంచి ఊపులో ఉండగా మొగుడు వేదికెక్కి చెంప ఛెళ్లుమనిపిస్తాడు. ఆమె కళ్ళలో నీళ్ళు గిర్రున తిరుగుతాయి. "తప్పు నాదే, క్షమించండి" అంటుంది. అతను కరిగిపోతాడు. ఇద్దరూ చేయీ చేయీ పట్టుకుని ఇంటికి వెళతారు. శుభం. ఆ రోజుల్లో ఆ చోట ముక్కు చీదకుండా హాలు దాటి బయటికొచ్చిన మనిషి లేడు.

"నిన్న కొంతమంది కాలేజీ పిల్లల్ని పిలిచి నాటకం మొత్తం చూపించాం" అంది కోడలు. "పాటలకి ఈలలు వేశారు, చప్పట్లు కొట్టారు. ఆ సీను వచ్చేసరికి ఏమైందో తెలుసా? నవ్వారు. 'క్షమించండి' అనగానే గొల్లుమన్నారు. ఒకమ్మాయైతే లేచి వెళ్ళిపోయింది."

"వాళ్ళకి ఏడవటం రాదు. అది వాళ్ళ ఖర్మ."

"ఏడుపు రాక కాదు మామయ్యా. కొట్టినవాడికి కొట్టించుకున్న మనిషి క్షమాపణ చెప్పటం ఏమిటని. నాకూ అంతే అనిపిస్తుంది. అందుకే సీనే ఎత్తేస్తున్నా. మొగుడు వచ్చి కింద నిలబడతాడు, ఆమె పాట ఆపి, బ్యాగు తీసుకుని, మాట్లాడకుండా వెళ్ళిపోతుంది. దీపాలు ఆరిపోతాయి."

"బ్యాగు తీసుకునా!" దర్శకుడుగారు కుర్చీ వెనక్కి నెట్టారు. "నా సినిమాలో హీరోయిన్ బ్యాగు తీసుకుని వెళ్ళిపోతుందా? బస్సు తప్పిపోతోందనా?"

పళ్ల డాక్టరు నవ్వబోయి, భార్య చూపు చూసి, రొట్టెముక్కలో మొహం దాచుకున్నాడు.

"ఆ సీనే సినిమా. అది తీసేస్తే మిగిలేది పాటల క్యాసెట్టు" అన్నారు దర్శకుడుగారు. "నీకు తెలీదమ్మాయ్, ఆ షాటు వెనకాల ఏం జరిగిందో."

"తెలుసు మామయ్యా."

తెలియనివాళ్ళు ఆ ఇంటి చుట్టుపక్కల ఎవరూ లేరు. అయినా ఆయన చెప్పారు. చెప్పకుండా ఉండలేరు.

"పొద్దుట్నుంచీ ఈవిడ మొహంలో నేననుకున్నది రావటం లేదు. హీరోని పక్కకి పిలిచి చెవిలో చెప్పా: 'పాట పూర్తయ్యేదాకా ఆగకు, మధ్యలోనే వెళ్ళు, నిజంగానే కొట్టు. ఆమెకి చెప్పొద్దు' అని. కొట్టాడు! ఆ కళ్ళు చూశావా? ఆ చూపు, ఆ నీళ్ళు... ఒక్క టేకు! గ్లిజరిన్ చుక్క లేదు. అదీ నటన అంటే. ఆ ఒక్క షాటుతో ఈవిడ పేరు ఊరూవాడా మోగిపోయింది. ఏమోయ్, నిజమా కాదా?"

ఈ మాట దగ్గర ఆవిడ నవ్వాలి. ఎన్నో ఏళ్ళుగా నవ్వుతూనే ఉంది. చుట్టాల ముందు, విలేకరుల ముందు, కొడుకు పెళ్ళిలో వియ్యాలవారి ముందు. తల కొద్దిగా వంచి, పెదవి చివర నవ్వి, పళ్లెం అందుకుని లోపలికి వెళ్ళిపోవటం ఆవిడకు అలవాటైపోయింది.

ఈసారి నవ్వలేదు. ఒలుస్తున్న నారింజ ఒలుస్తూనే ఉంది.

"చూడండి, అత్తయ్యకే ఇబ్బందిగా ఉంది" అంది కోడలు. "ఇప్పుడైతే అలా చేసినవాళ్ళ మీద కేసు పెడతారు మామయ్యా! అత్తయ్య కోసమైనా నేను ఆ సీను తీసేస్తాను."

"ఆవిడ కోసమా? ఆవిడ జీవితంలో చేసిన గొప్ప సీను తీసేసి, ఆవిడ కోసమంటావా? ఆవిడ కోసమే ఉంచమంటున్నా నేను!"

"ఆవిణ్ణి కొట్టించింది మీరు!"

"ఆవిణ్ణి నటిని చేసింది నేను!"

"ఆపండి ఇద్దరూ."

గొంతు పెద్దగా లేదు. కానీ ఒకప్పుడు మైకు లేకుండా చివరి వరసదాకా వినిపించిన గొంతు అది. ఇద్దరూ ఆగారు.

"చెంప నాది" అంది ఆవిడ. చేతులు తుడుచుకుంది. "దాని కోసం మీరిద్దరూ కొట్టుకుంటున్నారు. చెంపని ఒక్కరైనా ఓ మాట అడిగారా?"

ఆవిడ భర్త వైపు తిరిగింది.

"ఏమండీ, సినిమాకి ముందు నేనేం చేసేదాన్ని?"

"నాటకాలు వేసేదానివి."

"ఆ నాటకాల్లో ఎన్ని చెంపదెబ్బలు తిన్నానో నాకే లెక్క తెలీదు. ఒక్కటీ తగల్లేదు. ప్రతి రాత్రీ ఏడ్చాను. ఎవరూ గిల్లకుండానే ఏడ్చాను. ఎదురుగా కూర్చున్నవాళ్ళని ఏడిపించాను. అది నా పని. ఆ రోజు మీరు నా దగ్గరికొచ్చి, 'నాకు ఇలా కావాలి, ఇంకోసారి చెయ్యి' అని అడిగి ఉంటే చేసేదాన్ని. అంతకంటే బాగా చేసేదాన్ని. మీరు అడగలేదు. దానికి రాదులే, తగిలితే అదే ఏడుస్తుంది అనుకున్నారు."

"అలా అనుకోలేదోయ్..."

"అనుకున్నారు. నొప్పి సాయంత్రానికే పోయింది. అది కాదు నా బాధ. నేను నమ్ముకున్న విద్యని మీరు నమ్మలేదు. ఆ షాటులో నేను నటించలేదండీ. ఎదుటివాడు ఎందుకు కొట్టాడో తెలియక తెల్లబోయాను. లోకమంతా నా గొప్ప నటన అని చెప్పుకునేది, సినిమా మొత్తంలో నేను నటించని ఒకే ఒక్క చోటు. ఎవరైనా ఆ సీను పొగిడినప్పుడల్లా నన్ను తప్ప ఇంకెవర్నో పొగుడుతున్నట్టు ఉంటుంది."

దర్శకుడుగారి మొహం పాలిపోయింది. కాసేపు పేపరు అంచు మడిచారు, విప్పారు.

"ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"ఎప్పుడు చెప్పను? మీరు ఆ కథ చెప్పిన ప్రతిసారీ చుట్టూ అందరూ చప్పట్లు కొడుతూనే ఉన్నారు."

ఆయన లేచారు. తప్పు దొరికిన మగవాడికి కోపం కంటే దగ్గర దారి ఏముంటుంది?

"అయితే నాటకమే వద్దు. అంత చెడ్డ సినిమా అయితే దాన్ని మళ్ళీ ఎవరికీ చూపించక్కర్లేదు. అనుమతి వెనక్కి తీసుకుంటున్నా" అని, తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు.

కోడలు అత్తగారి పక్కన కూలబడింది. కళ్ళు తుడుచుకుంటూ ఆవిడ చేయి పట్టుకుంది.

"నాకు తెలీదు అత్తయ్యా. ఇక ఆ సీను ఎవరూ చూడరు. నేను తీసేశానుగా."

"నువ్వూ అంతేనమ్మా" అంది ఆవిడ, చేయి వెనక్కి తీసుకోకుండానే. "ఆయన నన్ను అడక్కుండా కొట్టించారు. నువ్వు నన్ను అడక్కుండా తీసేశావు."

కోడలు తల దించుకుంది.

"దెబ్బ తీసేస్తే నాకు దెబ్బే తగల్లేదని అర్థం. తగిలింది. నాకే కాదు, నీ నాటకంలో పిల్లకీ తగలాలి. ఆ మొగుడు ఎలాంటివాడో జనం చూడాలి. నువ్వు ఆ పిల్ల చేతిలో బ్యాగు పెట్టి బయటికి పంపిస్తే చప్పట్లు నీకు కొడతారు, ఇప్పటి దర్శకురాలు భలే మార్చిందని. ఆ పిల్లకేం మిగిలింది? మా ఆయన దానితో క్షమాపణ చెప్పించారు. నువ్వు దాని నోరే మూయించావు."

"మరి ఏం చెయ్యమంటారు?"

"నాకూ పూర్తిగా తెలీదు. రిహార్సల్ ఎప్పుడు?"

"మామయ్య అనుమతి తీసేసుకుంటానంటుంటే రిహార్సల్ ఏమిటత్తయ్యా!"

"తీసుకుంటానన్నారు. తీసుకోలేదుగా. ఆయన కోపం నాకు బాగా తెలుసు, దానికి ఫోను చెయ్యటం రాదు" అని ఆవిడ నారింజ తొనలు ఆమె ముందుకు జరిపింది. "తిను. మొహం పీక్కుపోయింది."

అంతవరకూ కదలకుండా కూర్చున్న కొడుకు మెల్లిగా అన్నాడు. "రోజంతా అందర్నీ నోరు తెరవమనేది నేను. ఇంట్లో నోరు తెరవాల్సిన మనిషి ఎదురుగా ఉంటే ఇన్నేళ్ళూ కనిపెట్టలేకపోయా."

"నీకు పళ్ళే కనబడతాయిలే" అంది తల్లి. అయినా అతని తల నిమిరింది.

తర్వాతి రోజుల్లో దర్శకుడుగారు ఎవరితోనూ పోట్లాడలేదు. అన్నం దగ్గరికి వచ్చారు, పెట్టింది తిన్నారు, పేపరు మనసులోనే చదువుకున్నారు. ఆ నిశ్శబ్దానికి ఇల్లంతా ఉలిక్కిపడుతూ తిరిగింది. అనుమతి లేదని ఎవరికీ ఫోను మాత్రం చెయ్యలేదు.

రిహార్సల్ రోజున ఆవిడ చెప్పులు వేసుకుని ఆయన గుమ్మం దగ్గర ఆగింది.

"నేను వెళుతున్నా. మీకూ రావాలనిపిస్తే రండి. చెప్పటానికి కాదు, వినటానికి."

ఆవిడ జవాబు కోసం ఆగలేదు.

రిహార్సళ్లు ఒక పాత గోదాములో జరుగుతున్నాయి. నేల మీద రంగురంగుల టేపులు అంటించారు. ఎర్ర గీత అంటే గోడ, పసుపు గీత అంటే తలుపు. కొత్తగా వచ్చినవాళ్ళు గోడల్లోంచి నడిచి తిట్లు తింటారు. మూల కీబోర్డు ముందు సంగీతం చూసే కుర్రాడు కూర్చున్నాడు. కథానాయిక వేషం వేసే అమ్మాయి ఒకప్పటి కథానాయిక లోపలికి రావటం చూసి లేచి నిలబడిపోయింది.

"కూర్చో తల్లీ. పరీక్ష పెట్టటానికి రాలేదు. చెంపదెబ్బ తినటం వచ్చా నీకు?"

"ఇతను కొట్టబోతుంటేనే కళ్ళు మూసుకుపోతున్నాయండీ" అంది అమ్మాయి. మొగుడి వేషం కుర్రాడు ఆరడుగుల మనిషి. "నాకు చెయ్యే లేవటం లేదండీ" అన్నాడు.

ఆవిడ చీర కొంగు బిగించింది.

"ఇలా చూడండి. కొట్టేవాడి చెయ్యి మొహానికి జానెడు దూరంలో పోవాలి. జనానికి ఆ దూరం కనబడకూడదు. చప్పుడు వాడు చెయ్యడు, నేను చేస్తాను, కింద నా చేతులు చరిచి. తల నేను తిప్పుతాను. ఎప్పుడు తిప్పాలో నాకే తెలుసు. చూసేవాళ్ళకి వాడు నడిపిస్తున్నట్టు ఉంటుంది. నడిపించేది దెబ్బ తినేవాళ్ళే. నీ కళ్ళలోకి చూసి, నువ్వు సరే అని తల ఊపాకే వాడు చెయ్యి ఎత్తాలి. ఏం బాబూ, కానియ్యి."

కుర్రాడు భయపడుతూ చెయ్యి విసిరాడు. ఛెళ్లుమంది. ఆవిడ తల గిర్రున తిరిగింది. గోదాములో ఉన్నవాళ్ళందరూ ఒక్కసారిగా "అయ్యో" అన్నారు. ఆవిడ నవ్వుతూ తలెత్తింది. చెంప మీద గాలి కూడా తగల్లేదు.

అదే సమయానికి పళ్ల డాక్టరు తండ్రిని వెంటబెట్టుకుని తలుపు తోసుకుని వచ్చాడు. దర్శకుడుగారు ఎర్ర గోడలోంచి నడిచి వచ్చి, ఎవరో చూపించిన కుర్చీలో కూర్చున్నారు. చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు. ఆవిడ చూసింది, చూడనట్టే ఊరుకుంది.

"బాగుందత్తయ్యా" అంది కోడలు. "దెబ్బ ఉంచుదాం. తర్వాత ఏమిటి?"

"తర్వాత పాట. మధ్యలో ఆగిపోయింది కదా."

కీబోర్డు కుర్రాడు తల ఊపాడు. "ఆ పాట అక్కడికే అయిపోతుందండీ. రికార్డులో కూడా అంతే."

"ఇంకో చరణం ఉంది" అంది ఆవిడ. "రాసినాయన రాశాడు, నేను నేర్చుకున్నాను, రికార్డింగు కూడా చేశాం. ఆ రోజు షూటింగులో ఆ చరణం బాగా చెయ్యాలని అంతకుముందు ఎంత సాధన చేశానో. పాడుతూ అక్కడిదాకా వచ్చాను, మొగుడి వేషం ఆయన మీదికి వచ్చేశాడు. సినిమాలో లేని చరణం రికార్డులో ఎందుకని ఆ తర్వాత అక్కణ్ణుంచీ కోసేశారు. కోసింది బయటే, నాలోంచి పోలేదు."

దర్శకుడుగారు తలెత్తారు. చరణం ఉన్న సంగతే ఆయన మరిచిపోయారు.

"పాడండి అత్తయ్యా" అంది కోడలు, ఈసారి అడుగుతూ. "మీకు ఇష్టమైతేనే."

ఆవిడ నేల మీది గీతల మధ్య నిలబడింది. చెంప మీద చేయి పెట్టుకోలేదు. ఊపిరి తీసుకుని, దెబ్బ పడ్డ చోటునుంచే ఎత్తుకుంది. గొంతులో కొంచెం జీర వచ్చింది, శ్రుతి మాత్రం ఎక్కడికీ పోలేదు.

*ఏ ఇంట అడుగిడినా, ఏ వాకిట నిలిచినా*
*నా గొంతు నా వెంటే నడిచి వస్తుంది*
*అలిగితే బుజ్జగిస్తా, అలసితే ఎత్తుకుంటా*
*వదిలి రమ్మంటే మాత్రం నేను రాలేను*

కీబోర్డు కుర్రాడు స్వరాలు వెతుక్కుంటూ వెంట వచ్చాడు. ఆవిడ చివరి పాదం మళ్ళీ అందుకుంది. ఈసారి మొగుడి వేషం కుర్రాడి కళ్ళలోకి సూటిగా చూస్తూ,

*వదిలి రమ్మంటే మాత్రం నేను రాను*

అని ఆపింది.

వేషం కుర్రాడు తనకు తెలియకుండానే ఒక అడుగు వెనక్కి వేశాడు. కథానాయిక పిల్ల ఏడుస్తోంది, ఎవరూ కొట్టకుండానే.

దర్శకుడుగారు కుర్చీలోంచి లేచి వచ్చారు. గీతలు తొక్కకుండా, తలుపున్న చోటునుంచే వచ్చారు.

"రాలేను అని కదా రాసింది?" అన్నారు మెల్లిగా.

"అప్పుడు రాలేను. ఇప్పుడు రాను."

ఆయన కళ్ళజోడు తీశారు. తుడవటానికి చొక్కా అంచు అందలేదు.

"అందరి ముందూ గొప్పగా చెప్పుకుంటూ తిరిగా. అందరి ముందే చెప్తా. ఆ రోజు చేతకానిది నీకు కాదు. నీకు అర్థమయ్యేలా చెప్పటం నాకు చేతకాలేదు. అది ఒప్పుకోలేక కొట్టించాను. క్షమించమని అడగటానికి కూడా మొహం చెల్లటం లేదోయ్."

"మొహం చెల్లకపోయినా అడగండి" అంది ఆవిడ.

"క్షమించు."

ఆవిడ ఆయన చేతిలోంచి కళ్ళజోడు తీసుకుని, తన కొంగుతో తుడిచి, తనే ఆయన కళ్ళకి పెట్టింది. అటు తిరిగి ఏడుస్తున్న కోడల్ని పిలిచింది.

"ఏమమ్మాయ్, నీ దర్శకత్వం ఎటు పోయింది? మొదట్నుంచి చేయించు. పిల్లకి ఆ చరణం నేర్పాలి."

"మామయ్యా..." కోడలు సందేహంగా చూసింది. "అనుమతి?"

"నన్నడుగుతావేం? ఆవిణ్ణడుగు" అన్నారు ఆయన, మళ్ళీ వెళ్ళి తన కుర్చీలో కూర్చుంటూ.

మొదటి ప్రదర్శన రోజు హాలు నిండిపోయింది. దెబ్బ పడ్డప్పుడు కుర్రకారు నవ్వలేదు, "ఛీ" అని అరిచారు. వాద్యాలన్నీ ఆగిపోయాయి. ఆ ఆగిన చోట, ఒంటి గొంతుతో, ఆ పిల్ల పాట మళ్ళీ ఎత్తుకుంది. పెద్దవాళ్ళు ఆశ్చర్యంగా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇన్నాళ్ళూ కూనిరాగం తీసుకున్న పాటలో వాళ్ళకి తెలియని చరణం అది. చివర "రాను" అనగానే హాలు హాలంతా లేచి నిలబడింది.

దర్శకుడుగారు మాత్రం వేదిక వైపు చూడటం లేదు. పక్కన కూర్చున్న భార్య పెదవులు ఆ పిల్లతోపాటు కదులుతుంటే వాటినే చూస్తున్నారు. ఆవిడ చెంపల మీదుగా నీళ్ళు కారుతున్నాయి. ఆయన చేయి ఆవిడ చేతిని వెతుక్కుంది.

వెనక వరసలోంచి ఎవరో ముందుకు వంగి అడిగారు. "ఏమండీ, ఆ చివరి చరణం నాటకం కోసం కొత్తగా రాయించారా? ఎంత బాగుందో!"

"కొత్తది కాదండీ" అన్నారు దర్శకుడుగారు. "చాలా పాతది. నేనే ఆలస్యంగా విన్నాను."